"ఇందులో ఎక్స్ లేదండి" అంది మా పాప. చరరాశి అంటే ఎలా చెప్పాలి?

మధురవాడ అమ్మ · శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. నిన్న వాళ్ల స్కూల్లో సైన్స్ ఫెయిర్ జరిగింది. ఉప్పు నీళ్లలో పెసలు మొలకెత్తుతాయా లేదా అని ప్రయోగం చేసింది. పోయిన ఆదివారం మన విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినప్పుడు బాటిల్ నిండా సముద్రపు నీళ్లు పట్టుకొచ్చాం. మూడు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో సగం సగం, మూడోదాంట్లో అచ్చంగా సముద్రపు నీళ్లు. చార్టు మీద బొమ్మలేసుకుని, ఏం చెప్పాలో నాలుగు రోజులు అద్దం ముందు నిలబడి చెప్పుకుంది.

చూడటానికి వచ్చిన ఒక మేడం, "నీ ప్రయోగంలో వేరియబుల్, అదే చరరాశి, ఏదమ్మా?" అని అడిగారట. ఇది "ఇందులో ఎక్స్ లేదండి" అంది. ఆవిడ ఇంకేమీ అనకుండా పక్క టేబుల్‌కి వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక సరిగ్గా అన్నం తినలేదు. "నేను చెప్పింది తప్పా అమ్మా?" అని పడుకోబోతూ మళ్లీ అడిగింది.

నేను బీకాం చదివాను. లెక్కల్లో చరరాశి అంటే తెలియని సంఖ్య అనే నాకు గుర్తు. సైన్సులో మారేదాన్ని చరరాశి అంటారట. రెండూ ఒకటేనా, వేరువేరా? ముందు నాకు అర్థమైతే దానికి చెప్పగలను.

గోపాలపట్నం మాస్టారు · శనివారం రాత్రి

అమ్మా, పాప చెప్పింది తప్పే గానీ చాలా మంచి తప్పు. చరరాశి అనగానే ఎక్స్ గుర్తొచ్చిందంటే లెక్కల క్లాసు శ్రద్ధగా విందన్నమాట. ఆ రెండింటికీ మధ్య వంతెన వేసే పని మేం టీచర్లం చాలాసార్లు చెయ్యం. లెక్కల సారు ఒక గదిలో చెప్తారు, సైన్సు మేడం ఇంకో గదిలో చెప్తారు. పిల్లల బుర్రలో రెండూ ఎప్పటికీ కలవవు.

నేను క్లాసులో ఆటో లెక్క చెప్తాను. ఎక్కగానే 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 15 అనుకోండి. దూరం ఎక్స్, కిరాయి వై అనుకుంటే

వై = 30 + 15ఎక్స్

మద్దిలపాలెం దాకా 4 కిలోమీటర్లయితే 90 రూపాయలు. 6 అయితే 120. ఇక్కడ ఎక్స్ మన ఇష్టం, ఎంత దూరమైనా వెళ్లొచ్చు. వై మాత్రం ఎక్స్ చెప్పినట్టు నడుచుకోవాలి. అందుకే ఎక్స్‌ని స్వతంత్ర చరరాశి అని, వైని ఆధారిత చరరాశి అని అంటాం.

ఇప్పుడు ప్రశ్న తిప్పండి. "నా దగ్గర 150 రూపాయలే ఉన్నాయి, ఎంత దూరం వెళ్లగలను?" అదే ఎక్స్ ఇప్పుడు కనుక్కోవలసిన సంఖ్య అయిపోయింది. 150 = 30 + 15ఎక్స్, కాబట్టి ఎక్స్ = 8. మీకు గుర్తున్న "తెలియని సంఖ్య" ఇదే.

ఇంకోసారి తిప్పుదాం. రేట్లు పెరిగాయి. 30 పోయి 40 అయింది, 15 పోయి 18 అయింది. అప్పుడు ఆ రెండింటికీ కూడా అక్షరాలు పెట్టుకుంటాం, వై = సీ + ఎమ్ఎక్స్ అని. ఒకసారి ఆటో ఎక్కాక సీ, ఎమ్ మారవు. కానీ ఆటోకీ ఆటోకీ, ఊరికీ ఊరికీ మారతాయి. అక్షరం ఏదైనా దానికంటూ పుట్టుకతో వచ్చిన పని లేదు. మనం ఏం అడుగుతున్నామో దాన్నిబట్టే ఏది కదులుతుంది, ఏది కదలదు, ఏది వెతకాలి అన్నది తేలుతుంది. పాపకి ఈ ఒక్క మాట అందితే చాలు.

ఇంటర్ ఎంపీసీ · శనివారం రాత్రి

మాస్టారూ, చిన్న సందేహం. ఎక్స్ + 5 = 12 అన్నప్పుడు ఎక్స్ ఎప్పుడూ 7 మాత్రమే కదా. అది మారదు. మరి దాన్ని పుస్తకంలో చరరాశి అని ఎందుకు రాస్తారు? స్థిరరాశి అనాలి కదా? ఇది నాకు ఆరో తరగతి నుంచి ఉన్న అనుమానం, ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు.

గోపాలపట్నం మాస్టారు · ఆదివారం ఉదయం

అడగాల్సిన ప్రశ్నే బాబూ.

ఎక్స్ + 5 = 12 అన్నది ఒక షరతు అనుకో. గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ లాంటిది. ఎక్స్ ఉన్నచోట ఏ సంఖ్యనైనా పెట్టి చూడొచ్చు, 3 పెట్టొచ్చు, 100 పెట్టొచ్చు. పెట్టే స్వేచ్ఛ ఉంది కాబట్టి అది చరరాశి. వాచ్‌మన్ మాత్రం 7 ఒక్కదాన్నే లోపలికి రానిచ్చాడు. ఆ 7ని సాధన అంటాం. చోటు వేరు, ఆ చోట కుదిరిన సంఖ్య వేరు.

ఎక్స్ + వై = 12 చూడు. ఇక్కడ ఎక్స్ 1 అయితే వై 11, ఎక్స్ 5 అయితే వై 7. లెక్కలేనన్ని జంటలు లోపలికొస్తాయి. గ్రాఫు గీస్తే సరళరేఖ. ఇక (ఎక్స్ + 1) వర్గం = ఎక్స్ వర్గం + 2ఎక్స్ + 1 అన్నచోట వాచ్‌మన్ ఎవరినీ ఆపడు, ఏ సంఖ్య పెట్టినా నిజమే. అందుకే దాన్ని సర్వసమీకరణం అంటాం. మూడింటిలోనూ ఎక్స్ చేసే పని ఒకటే, షరతు ఎంత గట్టిది అన్నదే తేడా.

రుషికొండ కోడర్ · ఆదివారం ఉదయం

మాకు ఇంకో రకం. ప్రోగ్రామ్‌లో ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తాం. లెక్కల ప్రకారం అది ఎన్నటికీ నిజం కాదు. మా దగ్గర ఆ గుర్తుకి సమానం అని అర్థం లేదు. కుడివైపు విలువ కట్టి ఎడమవైపు పేరున్న డబ్బాలో పెట్టు అని. పాప కోడింగ్ మొదలుపెట్టినప్పుడు ఇది ముందే చెప్పండి. నాకు ఎవరూ చెప్పక మొదటి నెల చాలా టెన్షన్ పడ్డాను.

సంస్కృతం లెక్చరర్ · ఆదివారం మధ్యాహ్నం

ఎక్స్, వై, జెడ్‌లను తెలియని రాశులకు వాడే పద్ధతి 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. మన వాళ్లకి అంతకు చాలా ముందే ఇలాంటి అక్షరాలున్నాయి. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి బీజగణితంలో మొదటి అవ్యక్త రాశి, అంటే తెలియని రాశి, పేరు యావత్తావత్. అంటే "ఎంతైతే అంత". రెండోది కావలసి వస్తే కాలకం, నలుపు. తర్వాత నీలకం, పీతకం, లోహితకం, అంటే నీలం, పసుపు, ఎరుపు. రాసేటప్పుడు మొదటి అక్షరాలే రాసేవారు, యా, కా, నీ అని. తెలిసిన సంఖ్యకి రూపం అని పేరు, గుర్తు రూ. మనం 3ఎక్స్ + 5 అని రాసేది వారికి "యా 3 రూ 5".

"తెలియనిది" అనే మాట కంటే "ఎంతైతే అంత" అనే మాట నాకు ఎక్కువ ఇష్టం. అందులో భయం లేదు. పాపకి రంగుల పెన్సిళ్లతో ఒకసారి సమీకరణాలు రాయించండమ్మా, నలుపు ఒక రాశి, పసుపు ఒక రాశి అని. మా మనవడికి అలా చేస్తే చప్పున అందింది.

పాత ల్యాబ్ మనిషి · ఆదివారం సాయంత్రం

లెక్కల వైపు మాస్టారు చక్కగా చెప్పారు. నేను కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి ప్రయోగం వైపు మాట్లాడతాను.

మధురవాడ అమ్మగారూ, ముందు కొన్ని సంగతులు చెప్పండి. మూడు గ్లాసులూ ఒకే రకమా? ఎక్కడ పెట్టారు? ఒక్కోదాంట్లో ఎన్ని గింజలు? మొలకెత్తింది అని పాప ఎలా రాసుకుంది?

మధురవాడ అమ్మ · ఆదివారం రాత్రి

కుళాయి నీళ్లది స్టీలు గ్లాసు, వంటింట్లో పొయ్యి పక్క గట్టు మీద పెట్టాం. మిగతా రెండూ ప్లాస్టిక్ గ్లాసులు. చోటు చాలక బాల్కనీలో పెట్టాం. గింజలు గుప్పెడు గుప్పెడు వేసింది. నోట్‌బుక్‌లో "బాగా వచ్చాయి", "కొంచెం వచ్చాయి", "రాలేదు" అని ఉంది.

రాస్తుంటేనే నాకు ఏదో తేడా కనిపిస్తోంది.

పాత ల్యాబ్ మనిషి · ఆదివారం రాత్రి

మీకు కనిపించిందే అసలు సంగతమ్మా.

పాప మార్చాలనుకున్నది ఒక్కటే, నీళ్లలో సముద్రపు నీళ్ల వాటా. కానీ నిజానికి మూడు మారాయి. నీళ్లు మారాయి, గ్లాసు మారింది, చోటు మారింది. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుంది, వెచ్చదనానికి పెసలు త్వరగా మొలుస్తాయి. బాల్కనీలో ఎండకీ గాలికీ నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం గ్లాసులోనే మిగులుతుంది. అంటే పొద్దున సగం సగం కలిపినది సాయంత్రానికి ఇంకా ఉప్పగా అయ్యుంటుంది. కుళాయి నీళ్లవి బాగా రావడానికి ఉప్పు లేకపోవడం కారణమా, పొయ్యి వేడా? ఇప్పుడున్న వివరాలతో ఎవరూ చెప్పలేరు.

ఇక "కొంచెం వచ్చాయి" అన్నది కొలత కాదు. 20 గింజల్లో ఎన్ని అని లెక్కపెడితే కొలత. మొలక అంటే ఏమిటో కూడా ముందే అనుకోవాలి. వేరు తెల్లగా బయటికి 2 మిల్లీమీటర్లు కనిపిస్తే మొలిచినట్టు, లేకపోతే లేదు. ముందే అనుకోకపోతే మన మనసు మనకి కావలసిన గ్లాసులో రెండు గింజలు ఎక్కువ లెక్కపెడుతుంది. 31 ఏళ్లలో ఇది ఎన్నిసార్లు చూశానో.

సముద్రపు నీళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. సముద్రంలో సగటున లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పులుంటాయి. మన బంగాళాఖాతంలో పెద్ద పెద్ద నదులు కలుస్తాయి కాబట్టి వానాకాలం తర్వాత పైనీళ్లలో ఉప్పు తగ్గుతుంది. ఈ వారం ఒక బాటిలు, వచ్చే వారం ఒక బాటిలు తెస్తే రెండూ ఒకటే అనుకోకూడదు. మొత్తం నీళ్లు ఒకేసారి తెచ్చుకోండి.

ఒక మాట చాలామంది కలిపేస్తారు, విడదీసి చెప్తాను. అచ్చం కుళాయి నీళ్ల గ్లాసుని కంట్రోల్ అంటాం, మిగతావాటిని దానితో పోల్చి చూడటానికి. గ్లాసు రకం, చోటు, గింజల సంఖ్య లాంటివి అన్నింటిలోనూ ఒకేలా ఉంచుతాం కదా, అవి అదుపులో ఉంచిన చరరాశులు. మారగలిగేవే, మనం మారనివ్వలేదు. అందుకే వాటినీ చరరాశులే అంటాం.

హార్బర్ బాబాయి · ఆదివారం రాత్రి

నాది ఫిషింగ్ హార్బర్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే పని. ఇది చదివాక ఒక విషయం తట్టింది. బీచ్ దగ్గర మా ఇంటి కిటికీ గ్రిల్లు రెండేళ్లకే తుప్పు పట్టింది. సముద్రానికి దూరంగా పెందుర్తిలో మా బావమరిది గ్రిల్లు ఆరేళ్లయినా బాగుంది. ఉప్పు గాలి అని అందరికీ చెప్తూ వచ్చాను. వాళ్లు తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడు రెండు పూతలు వేసి ఆపైన రంగేశారు, మేం ఒక్క పూతే వేశాం. అంటే నేను చెప్పేది కూడా పాప గ్లాసుల లాంటిదే కదా?

పాత ల్యాబ్ మనిషి · ఆదివారం రాత్రి

అవును బాబాయ్. ఉప్పు తుప్పుని పెంచే మాట నిజమే, కానీ మీ రెండు గ్రిల్లులూ దానికి సాక్ష్యం కావు. తుప్పుకి పుస్తకాల్లో మూడు పరీక్షనాళికల ప్రయోగం ఉంటుంది, మేకులతో. ఒకదాంట్లో నీరూ గాలీ రెండూ ఉంటాయి. రెండోదాంట్లో మరగబెట్టిన నీళ్ల మీద నూనె పోసి గాలి లేకుండా చేస్తారు. మూడోదాంట్లో తేమ పీల్చే కాల్షియం క్లోరైడు వేసి నీరు లేకుండా చేస్తారు. మొదటి నాళికలో మేకులే తుప్పు పడతాయి. ఒకసారికి ఒక్కదాన్నే తీసేయడం వల్ల గాలీ కావాలి, నీరూ కావాలి అని గట్టిగా చెప్పగలిగారు.

వార్డు నర్సు · సోమవారం తెల్లవారుజాము

నైట్ డ్యూటీలో చదువుతున్నాను. ఓడల ఊరు కాబట్టి ఓడ మీద జరిగిందే చెప్తాను. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు సాలిస్‌బరీ అనే ఓడ మీద స్కర్వీ (చిగుళ్లు వాచి రక్తం కారే) జబ్బు పడ్డ 12 మందిని ఎంచుకున్నాడు. జబ్బు వీలైనంత వరకు ఒకేలా ఉన్నవాళ్లని తీసుకుని ఒకేచోట ఉంచాడు, ఒకటే తిండి పెట్టించాడు. ఇద్దరిద్దరిని జతలు చేసి ఆరు జతలకీ ఆరు రకాలు ఇచ్చాడు. ఒక జతకి వెనిగర్, ఒక జతకి సముద్రపు నీళ్లు, ఒక జతకి రోజూ రెండు కమలాలు, ఒక నిమ్మకాయ, అలా. పండ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు, ఆరు రోజులకే ఒకతను డ్యూటీకి సిద్ధమయ్యాడు. ఆ పండ్లలో ఉన్నది విటమిన్ సి అని తెలియడానికి ఇంకా దాదాపు 180 ఏళ్లు పట్టింది. కారణం పేరు తెలియకపోయినా, మిగతావన్నీ ఒకేలా ఉంచాడు కాబట్టి ఏది పనిచేసిందో ఆయనకు దొరికింది.

పాపని బాధపడొద్దని చెప్పండి అక్కా.

ఇంటర్ ఎంపీసీ · సోమవారం సాయంత్రం

ల్యాబ్ సార్, మాకు లఘులోలకం, అంటే దారానికి గుండు కట్టి ఊపే ప్రయోగం ఉంది. ఎక్స్‌పెరిమెంట్‌లో చరరాశి, ఫార్ములాలో చరరాశి ఎక్కడ కలుస్తాయో దానిలో చూపిస్తారా?

పాత ల్యాబ్ మనిషి · సోమవారం రాత్రి

అడిగినందుకు సంతోషం బాబూ. నాకు అన్నింటికంటే ఇష్టమైన ప్రయోగం అదే.

ముందు ప్రశ్న, లోలకం ఊగే సమయం దేనిమీద ఆధారపడుతుంది? గుండు బరువు మార్చి చూడు, దారం పొడవు, ఊపే కోణం మారకుండా. సమయం మారదు. బరువు చరరాశే, కానీ దీనికి సంబంధం లేనిది. ఇప్పుడు పొడవు మార్చు. మీటరు పొడవుకి ఒక డోలనానికి, అంటే ఒకసారి అటు వెళ్లి ఇటు తిరిగి రావడానికి, సుమారు 2 సెకన్లు, పావు మీటరుకి సుమారు 1 సెకను. పొడవు నాలుగు రెట్లయితే సమయం రెండు రెట్లే అయింది. అంటే సమయం వర్గం పొడవుకి అనులోమంగా ఉంది. కోణం మాత్రం చిన్నదిగానే ఉంచు, పెద్ద కోణమైతే సమయం పెరుగుతుంది. ఒక్క డోలనాన్ని కొలవకు, 20 డోలనాలకు కొలిచి భాగించు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన వేలు చేసే తప్పు 20 మందికి పంచినట్టు అవుతుంది.

సూత్రంలో సమయం వర్గం = (4 × π వర్గం / జీ) × పొడవు. జీ అంటే గురుత్వ త్వరణం. అడ్డంగా పొడవు, నిలువుగా సమయం వర్గం పెట్టి గీస్తే సరళరేఖ వస్తుంది. మాస్టారి ఆటో లెక్కే ఇది. ఎమ్ స్థానంలో 4 × π వర్గం / జీ ఉంది, మన దగ్గర దాని విలువ 4కి కాస్త ఎక్కువ. జీ మనకి మారదు, కానీ దాన్నే కనుక్కుంటున్నాం. మారనిది కూడా తెలియనిది కావచ్చు, చూశావా.

ఇప్పుడు నేను ఏటా చూసిన సంగతి. పిల్లలు స్కేలు పెట్టి దారాన్ని కొక్కెం దగ్గర నుంచి ముడి దాకా కొలుస్తారు. నిజానికి గుండు మధ్యదాకా కొలవాలి. గుండు వ్యాసార్థం సెంటీమీటరు అయితే ప్రతి పొడవులోనూ ఆ సెంటీమీటరు తగ్గిపోతుంది. గ్రాఫు గీస్తే గీత చక్కగా తిన్నగానే వస్తుంది, కానీ రెండు అక్షాలూ కలిసే మూలబిందువు గుండా పోదు. కొంచెం పైనుంచి, 0.04 దగ్గర నిలువు అక్షాన్ని కోస్తుంది. పిల్లలు భయపడి రబ్బరుతో చెరిపేసి మూలబిందువు గుండా గీసేవాళ్లు. నేను చెరపనిచ్చేవాణ్ని కాదు. ఆ గీతని ఎడమవైపు పొడిగించి అడ్డ అక్షాన్ని ఎక్కడ తాకుతుందో చూడమనేవాణ్ని. సరిగ్గా మైనస్ 1 సెంటీమీటరు దగ్గర తాకేది. గుండుని వెర్నియర్ అనే కొలిచే పనిముట్టుతో కొలిస్తే వ్యాసార్థం అంతే. కొలవడం మరిచిపోయిన రాశిని సమీకరణంలో సీ పట్టిచ్చింది. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి.

గీత వాలు, అంటే ఎమ్, మాత్రం చెడదు కాబట్టి జీ విలువ సరిగ్గానే వస్తుంది.

ఇంటర్ ఎంపీసీ · సోమవారం రాత్రి

సార్, మా రికార్డులో నేనూ చెరిపేశాను. రేపు మళ్లీ గీస్తాను.

మధురవాడ అమ్మ · మరుసటి ఆదివారం

వారం తర్వాత వస్తున్నాను, అందరికీ చెప్పాలి కదా.

పాప ప్రయోగం మళ్లీ చేసింది. బుధవారం సాయంత్రం రుషికొండ వెళ్లి రెండు లీటర్లు ఒకేసారి తెచ్చాం. ఒకే రకం గాజు గ్లాసులు ఐదు. సముద్రపు నీళ్ల వాటా సున్నా, పావు, సగం, ముప్పావు, పూర్తిగా. ఒక్కోదాంట్లో 20 గింజలు, పురుగు కొట్టినవి ఏరేసింది. రాత్రంతా నానబెట్టి, వంచేసి, తడిగుడ్డలో పెట్టి పైన ప్లేటు మూసింది. అన్నీ హాల్లో ఒకే అరలో. పూటకి రెండు చెంచాలు, ఏ గ్లాసుకి ఆ నీళ్లే. చెంచా కూడా ఒకటే ఉండాలని నా చేతిలోంచి వేరే చెంచా లాక్కుంది.

మూడో రోజు పొద్దున లెక్క: సున్నాలో 19, పావులో 14, సగంలో 2, మిగతా రెండింటిలో ఒక్కటీ లేదు. పావులో మొలిచినవాటి వేర్లు కూడా పొట్టిగా, కొసలు గోధుమరంగులో ఉన్నాయి.

నోట్‌బుక్‌లో తనే రాసుకుంది: "నేను మార్చింది సముద్రపు నీళ్ల వాటా. నేను కొలిచింది 20లో ఎన్ని మొలిచాయో. నేను మారనివ్వనివి గ్లాసు, చోటు, గింజలు, చెంచా, మూత." తర్వాత గ్రాఫు కాగితం తీసి అడ్డగీత కింద వాటా అని రాసింది, నిలువుగీత పక్కన మొలకలు అని రాసింది. అలా చూస్తూ చూస్తూ అడ్డగీత చివర పెన్సిల్‌తో ఎక్స్ అని రాసి, "అమ్మా, ఉందమ్మా" అంది.

మాస్టారూ, ఐదు చుక్కలూ ఒక గీత మీదికి రావట్లేదు, సమీకరణం ఎలా రాయాలని అడుగుతోంది.

గోపాలపట్నం మాస్టారు · ఆదివారం

రాయొద్దని చెప్పమ్మా. చుక్కలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి. సున్నాకీ సగానికీ మధ్యలోనే అంతా జరుగుతోంది, కాబట్టి ఆ మధ్యలో ఇంకా నాలుగు గ్లాసులు పెడితే గీత ఎలా వంగుతుందో తెలుస్తుంది.

మధురవాడ అమ్మ · ఆదివారం

ఇంకోటి అడుగుతోంది. మొలవనివ్వనిది ఉప్పేనా, సముద్రంలో ఇంకేదైనా ఉందా అని. ఇది నాకు తట్టనే లేదు.

పాత ల్యాబ్ మనిషి · ఆదివారం

అయితే కుళాయి నీళ్లు లీటరులో 35 గ్రాముల వంటుప్పు కలిపి ఇంకో వరస పెట్టమనండి, అవే వాటాలు, అదే అర, అదే చెంచా. రెండు వరసలూ పక్కపక్కనే, ఒకేరోజు మొదలుపెట్టాలి. రెండు వరసల్లోనూ మొలకలు ఒకేలా తగ్గితే ఉప్పు చాలు, ఇంకేదీ వెతకనక్కర్లేదు. తేడా వస్తే నాకు వెంటనే చెప్పండి, నాకూ చూడాలనుంది.

మధురవాడ అమ్మ · ఆదివారం రాత్రి

కింద కిరాణా కొట్టు తక్కెడ దగ్గర నిలబడి తూయించుకుని వచ్చింది. పది గ్లాసులకీ పేర్లు అంటించింది. గింజలు ఇప్పుడే నానబోసింది.